పాచినోటి పెద్దమనిషి

ఆ రోజుల్లో ఉద్యోగమంటే కుర్చీ, బల్ల తప్పకుండా ఉంటాయనుకునేదాన్ని. డిగ్రీ అయ్యాక దొరికిన మొదటి కొలువులో రెండూ లేవు. న్యాల్‌కల్ దిక్కున ఒక చేనులో పాతకాలపు సమాధులు తవ్వుతున్న సారు దగ్గర, దొరికినవాటికి చీటీలు కట్టే పని. (బంధువులకు మాత్రం 'ఆఫీసు' అనే చెప్పాం.) సారు జహీరాబాద్‌లో మా ఇంటి మేడమీది గదిలోనే అద్దెకుండేవారు కాబట్టి, ఒక్కోసారి నాకంటే ముందే ఆఫీసు ఇంటికి వచ్చేది.

ఒకనాడు పళ్లున్న దవడ ముక్క ఒకటి దొరికింది. సారు దాన్ని పసిగుడ్డులా పట్టుకొచ్చి వరండాలో నీడకు ఆరబెట్టారు. "ఈ పళ్ల మీది గారే మనకు కావలసింది. వేల ఏళ్ల కింద ఏం తిన్నారో అందులోనే చిక్కుకుని ఉంటుంది. అది పోతే నా పనీ పోయినట్టే, నీ పనీ పోయినట్టే," అని చెప్పి చేనుకు వెళ్లారు. నేను డబ్బాలు తేవడానికి బజారుకు పోతూ అమ్మతో "అది ముట్టకమ్మా," అన్నాను. ఎందుకో చెప్పలేదు. చదువుకున్నదాన్ని కదా, అమ్మకు కారణాలు చెప్పడం చిన్నతనం అనుకున్నాను.

తిరిగొచ్చేసరికి అమ్మ వాకిట్లో పీట వేసుకుని కూర్చుంది. ఒక చేతిలో దవడ, ఇంకో చేతిలో నాన్న పాత బ్రష్, పక్కన చెంబెడు నీళ్లు. పళ్లు తోముకోనిదే మాకు పచ్చి మంచినీళ్లయినా ఇవ్వని మనిషి. "ఏం జేస్తున్నవమ్మా?" అన్నాను. "పాపం, ఎవల బిడ్డనో. గిన్నేండ్ల సంది పాచినోటితోనే పండుకున్నడు. జర తోమిన. ఫికర్ జెయ్యకు, ఉత్త నీళ్లే," అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సరిగ్గా అప్పుడే సారు గేటు తీశారు. ఏం చెప్పాలా అని ఆలోచించే అవకాశం కూడా అమ్మ నాకివ్వలేదు. "సారూ, పెద్దమనిషి నోరు సాఫ్ జేసిన. కానీ ఎంత తోమినా గార మాత్రం పోతలేదు," అంది నొచ్చుకుంటూ. సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. భూతద్దం పెట్టి ఒక్కొక్క పన్నూ చూస్తుంటే, నేను మనసులో బంధువులకు చెప్పాల్సిన అబద్ధం తయారు చేసుకుంటున్నాను. చివరికి ఆయన "మట్టే పోయిందమ్మా. గార రాయి కట్టింది, బ్రష్‌కు లొంగదు," అంటూ మెట్టు మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. నేనూ పక్కనే కూలబడ్డాను. అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న రోజు నా జీవితంలో మళ్లీ రాలేదు. అమ్మ ఇద్దరికీ చాయ్ తెచ్చిచ్చింది.

కొన్నాళ్లకు ఆ గారను పరీక్షకు తీసుకెళ్లిన సారు, అందులో ఉలవల నలకలు కనిపించాయని అక్కడినుంచి ఫోన్ చేశారు. నేను ఎగిరి గంతేసి అమ్మకు చెప్పాను. "ఉలవలు తిన్నడా? అయితే మనోడే," అంది. మళ్లీ తనే, "ఎవలు వండిపెట్టిన్రో," అంది. ఆ రోజు దానికి పడీపడీ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్విన పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. ఆ మనిషి నా చేతికొస్తే చీటీ కట్టాను, అమ్మ చేతికొస్తే నోరు కడిగింది. జీతం మాత్రం నాకే ఇచ్చారు.