ఖాదరన్న చేయించని పెట్టె

పక్కింట్లో కొత్త మెట్లకు రాళ్లు కోస్తున్నారు. కట్టర్ రాయిని తాకగానే లేచే కీచు చప్పుడు, దాని వెనకే తడిసిన రాతిపొడి వాసన కిటికీలోంచి లోపలికి వచ్చాయి. నన్నడక్కుండానే నా చేయి నోటికి అడ్డం పోయింది. లేచి కిటికీలన్నీ మూసేశాను. మదనపల్లె ఎండలో తలుపులు బిగించుకుని చెమటలు కక్కుతున్న మొగుణ్ణి చూసి మా ఆవిడ, "యాల మూస్తాండావు? ఆ రాయి నిన్నేమన్నా తిట్టిందా?" అంది. అలాంటి మాటకు నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు రాలేదు. ఖాదరన్న గుర్తొచ్చాడు.

తొంభైల చివర్లో కుప్పం దగ్గర ఒక గ్రానైటు పాలిష్ యూనిట్లో ఆయన మా మేస్త్రీ. నేను ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టి, నాలుగైదు పనులు చెడగొట్టి, ఇరవై రెండేళ్ల వయసులో అక్కడ తేలాను. ఆయన సొంతూరు పుంగనూరు. వయసులో ఉన్నప్పుడు బెంగళూరు హోటల్లో, బిళ్ల వేస్తే పాట పాడే జూక్‌బాక్సులో రికార్డులు మార్చే పని చేశాడట. హోటలువాళ్లు దాన్ని తీసేసిన రోజు, ఒకే ఇంగ్లీషు రాక్ బ్యాండు తాలూకు చిన్న రికార్డులు పద్నాలుగు ఇంటికి తెచ్చుకున్నాడు. అటు ఒక పాట, ఇటు ఒక పాట. వాటిని సింగిల్స్ అంటారు. బ్యాండు పేరు మాత్రం రాయను. దాన్ని సరిగ్గా పలకడానికే నాకు రెండేళ్లు పట్టింది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆయన గదిలో మా ఇద్దరికీ ఒకటే పని, లేని పెట్టెను మాటల్లో తయారుచేయడం. ఆ బ్యాండు వేసిన సింగిల్స్ అన్నీ వచ్చిన వరుసలోనే, దేని కాగితం తొడుగు దానికి ఉండేలా ఒక టేకు పెట్టె. లోపల పచ్చ బట్ట. ఆయన దగ్గర లేనివాటికీ, ఆయన ఎన్నడూ విననివాటికీ ఖాళీ అరలు. వినని పాటలు ఎలా ఉంటాయో కూడా చేతులు తిప్పుతూ చెప్పేవాడు.

"అన్నీ కలిపి రెండు క్యాసెట్లకు ఎక్కిస్తే పోలేదా అన్నా? మిగిలిన టేకుతో నాకు మంచం చేయించొచ్చు" అన్నాను ఒకసారి.

"క్యాసెట్టు ఆగకుండా పోతానే ఉంటాదప్పా. రికార్డుకైతే పాట అయిపోతానే నువ్వు లేయాల, తిప్పాల, మళ్లా ముల్లు పెట్టాల. ఆ సందులోనే కదరా పాట లోపలికి దిగేది."

"సరే, వెనకవైపు పాటలు ఎవురడిగినారు? ముందువి సాలు."

"ఎవురూ అడగలేదు. అయినా ఇచ్చినారు సూడు, అందుకే ఉండాల."

ఆ ఏడాది శాంతిపురం నుంచి మా యూనిట్‌కు వచ్చే ఒక పనివాడు దగ్గీ దగ్గీ మంచం పట్టి చనిపోయాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, అంతే. తర్వాతి నెలలో నాకు దగ్గు పట్టుకుంది. మూడు వారాలైనా వదల్లేదు. ఉమ్మిన ప్రతిసారీ చేతిగుడ్డలో ఎరుపు ఉందేమోనని వెతుక్కునేవాణ్ణి. బయటికి మాత్రం, "నా దగ్గుకు మిషన్లే బెదురుతాండాయి" అనేవాణ్ణి. అందరూ నవ్వారు. ఖాదరన్న నవ్వలేదు. "రేపు మదనపల్లె పోతాండాం. ఛాతీ ఆసుపత్రికి" అన్నాడు.

బస్సు పలమనేరు దాటేదాకా జోకులు వేశాను. పుంగనూరు బస్టాండులో ఆగగానే, టీ తాగొస్తానని దిగి, ఆగి ఉన్న బస్సుల వెనక్కి పోయి నిలబడ్డాను. ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించకపోతే రోగం లేనట్టేనని ఆ క్షణంలో నిజంగా నమ్మాను. ఖాదరన్న వెతుక్కుంటూ వచ్చి, నా పక్కనే గోడకు ఆనుకున్నాడు. తిట్టలేదు.

"పెట్టెలో మొదటిది ఏదిరా?"

చెప్పాను.

"దాని వెనకవైపు?"

అదీ చెప్పాను. నాలుగోదానికి వచ్చేసరికి బస్సు వైపు తిరిగి నిలబడ్డాను. కండక్టరు ఈల వేశాడు.

"మిగతావి బస్సులో సెబుదువు, రా. నేనూ తీపిచ్చుకుంటాలే ఫోటో, నీకు తోడు."

డాక్టరు రెండు ఫిల్ములూ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. నాది నెమ్ము, మందులతో పోతుందన్నాడు. రెండోదాని ముందు ఆగి, "రాతిపని ఎన్నేళ్లుగా చేస్తున్నారు?" అని ఖాదరన్నను అడిగాడు. నేను అప్పటికే నవ్వుతున్నాను. నాది కాదు, నాది కాదు అని లోపల గంతులేస్తున్న ఆ నవ్వు, ఆయన ముఖం చూశాక కూడా వెంటనే ఆగలేదు. ఎన్ని వెకిలి నవ్వులు నవ్వానో లెక్కలేదు కానీ, తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకునేది ఆ ఒక్కదానికే.

వారం తర్వాత పనికి పోతే గేటు దగ్గరే ఆపేశారు. "వాడు జోకులేసి అందరి పనీ సెడగొడతాండాడు, తీసేయండి" అని ఖాదరన్నే యజమానికి చెప్పాడట. అది నిజమే కాబట్టి వాదించడానికి కూడా లేకపోయింది. ఉడికిపోతూ మదనపల్లె చేరి, టమోటా బండి తోలడం నేర్చుకున్నాను. ఆయన నన్ను ఎందుకు తీయించాడో అర్థం కావడానికి ఏడాది పట్టింది. వెళ్లి ఎదురుగా నిలబడే ధైర్యం రావడానికి ఇంకో రెండేళ్లు.

అప్పటికి ఆయన పుంగనూరులో తన ఇంట్లో, వీపు వెనక మూడు దిండ్లతో కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు. రెండు మాటలకొకసారి ఆగుతున్నాడు.

"పనిలోంచి యాల తీపిచ్చినావన్నా?"

"నీ ఫోటో... బాగుండాది. అట్నే... ఉండనీ అని."

కాసేపటికి ఆయనే పెట్టె మాట ఎత్తాడు. మనసులో అన్నీ కుదిరాయట, చివరి అర ఒక్కటే మిగిలిందట. "నువ్వు ఎంచప్పా. నాకు... భయమేస్తాంది. అది పెడితే... మూత వేయాల."

ఆయన నోట భయమనే మాట నేను అంతకుముందు వినలేదు. భయమేస్తే నాకు తెలిసిన మందు ఒక్కటే. నోటికొచ్చింది అనేశాను: "చివర్లో నా దగ్గు రికార్డు చేసి పెట్టన్నా. వెనకవైపు నీది. ఇంగ్లండులో కూడా దొరకదు."

ఖాదరన్న నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి, పెదవులు నీలం తిరిగాయి. లోపల్నుంచి ఆయన భార్య పరిగెత్తుకొచ్చి, వీపు రాస్తూ నా వైపు ఒక్క చూపు చూసింది. జోకుతో మనిషిని చంపేశాననుకున్నాను. ఎంతసేపో తెలియదు. మెల్లగా ఊపిరి వెనక్కి వచ్చింది. ఆయన కళ్లు తుడుచుకుని నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఇంకోటి సెప్పు."

"వద్దన్నా."

"సెప్పరా. ఊరికే కూసోని... ఊపిర్లు లెక్కపెట్టుకుంటాంటే... ఇంకా భయం."

చెప్పాను. చిన్నది, మెల్లగా. ఆయన ఛాతీ లేచినప్పుడు ఆగి, దిగాక తర్వాతి మాట అంటూ చెప్పాను.

ఆ నెలాఖరులో ఆయన పోయాడు. రికార్డులు కూతురి దగ్గర ఉన్నాయి. పెట్టె ఎవరూ చేయించలేదు. ఇప్పుడు ఫోనులో ఆ బ్యాండు పాటలన్నీ దొరుకుతాయి. ఆయన విననివాటిని నేనూ వినలేదు. టమోటా మార్కెట్లో నేను నోరు తెరిస్తే ఇప్పటికీ కూలీలు క్రేట్లు దించి మరీ నిలబడతారు. జోకు చివరి మాటకు వచ్చేసరికి నా కళ్లు వాళ్ల ముఖాల మీద ఉండవని వాళ్లకు తెలియదు. ఛాతీల మీద ఉంటాయి. అందరి ఊపిరీ సరిగ్గా తిరిగి వచ్చేదాకా నేను నవ్వను.