తుపాకీ చెక్క మీద తాత పేరు

అమెరికాలో నేనుండే హెర్న్‌డన్‌లో నన్ను చెల్లెమ్మా అని పిలిచే పెద్దమనిషి ఒకడు ఉండేవాడు. మాకు చుట్టరికమేమీ లేదు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే, ఊళ్ళు పక్కపక్కనే. మొదటి పరిచయంలోనే ఈ రెండూ కలుపుకుని నేనూ వాళ్ళ కులమేనని తేల్చేసుకున్నాడు. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుందని మా వైపు ఎవరికైనా తెలుసు. ఆయనకు తట్టలేదు, నేనూ సరిదిద్దలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం నా పని కాదు.

తుపాకులు అమ్మకానికి పెట్టే ఒక గన్ షోలో ఆయన పాత మిలటరీ రైఫిల్ కొన్నాడు. బర్మా యుద్ధంలో మన సిపాయిలు మోసిన రకం. పాత సరుకు కింద అమ్మేస్తే ఓడెక్కి అమెరికా చేరిందట. ఇంటికి తెచ్చి చూస్తే వెనక చెక్క మీద, భుజానికి ఆనించే చోట, మేకుతో గీకిన తెలుగు అక్షరాలు ఉన్నాయి. ఇంటిపేరు, పేరు, ఊరు. ఇంటిపేరు తమదే కావడంతో ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు. మా వంశంలో యుద్ధవీరుడు దొరికాడని కనపడినవాళ్ళందరికీ చెప్పాడు. దసరా ఆయుధపూజలో లాప్‌టాప్‌లూ కారు తాళాలూ ఓ పక్కన, తుపాకీ మాత్రం అమ్మవారి ఎదురుగా పెడతానన్నాడు. ఎవరైనా గుడ్డతో తుడవబోతే కసిరేవాడు. పాత తుపాకీకి ఆ మురికిలోనే విలువట.

నేను ఆ అక్షరాల మీద వేలు పెట్టి చదివాను. అది మా తాత పేరు.

నాన్న చిన్నతనంలోనే తాత పోయాడు. మాకు తెలిసిందంతా నాయనమ్మ చెప్పిందే. మాలపల్లెలో పుట్టి, మిషను బడిలో అక్షరాలు నేర్చుకుని, పట్టాళంలో చేరాడు. తుపాకీ మీద పేరు గీకినందుకు దొర దాన్ని నెత్తిన పెట్టించి ఎండలో పరిగెత్తించాడట. ఊళ్ళో ఎవరి అరుగూ ఎక్కనివ్వని మనిషి, చేతికి వచ్చిన ఒక్క గొప్ప వస్తువు మీద తన పేరు రాసుకున్నాడు. ఆయన ఫోటో మా దగ్గర లేదు.

నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. నేను తీసిన ఫోటోలో అక్షరాలు తెలియలేదు. చెక్క నల్లబడి గీతలు అందులో కలిసిపోయాయి, లైటు పక్కనుంచి వేస్తే తప్ప కనపడవు. "వీడియోలో చూపించమ్మా. మా నాన్న చేతిరాత ఒక్కసారి చూస్తాను" అన్నాడు. దానికోసం నేను నోరు విప్పక తప్పలేదు.

పెద్దమనిషి సోఫాలో కూర్చుని విన్నాడు. తాత ఎవరో, ఏ పల్లెవాడో అంతా చెప్పాను. ఆయన మొహం మాడిపోవడం చూసి, అబద్ధమెందుకు, నాకు కొంచెం సరదాగానే అనిపించింది.

"ఇన్నేళ్ళూ నువ్వు చెప్పనేలేదే" అన్నాడు.

"మీరు అడగనేలేదు."

వాళ్ళావిడ నా చేతిలోని కాఫీ కప్పు వైపు చూసింది. ఆయనే ముందు తేరుకుని నవ్వాడు. దసరాకి రమ్మని, నాన్నగారికి తీరిగ్గా చూపిద్దామని అన్నాడు. ఆ నవ్వుకి నేను పడిపోయాను. మంచివాడే, నేనే అపార్థం చేసుకున్నాననుకుంటూ ఇంటికి డ్రైవ్ చేశాను.

దసరా పొద్దున వెళితే హాలంతా జనం. అమ్మవారి ఎదురుగా తుపాకీ లేదు. గరాజ్‌లో ఉంది రమ్మన్నాడు. నాన్నకు అప్పటికే వీడియో కాల్ కలిపాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పండక్కి ఫోటో దిగేవాడిలా కూర్చున్నాడు.

బల్ల మీద తుపాకీ కొత్త డైనింగ్ టేబుల్‌లా మెరుస్తోంది. చేతిలోకి తీసుకుని చెక్కను వేలితో తడిమాను. నున్నగా ఉంది. అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. ఒక్క అక్షరం లేదు.

"శాండ్ చేయించి పాలిష్ కొట్టించా. మరీ డర్టీగా ఉంది కదా" అన్నాడు పెద్దమనిషి. "తుపాకీ అయితే అదేగా, చూపించు."

మురికి తుడిస్తేనే విలువ పోతుందని మమ్మల్ని కసిరినవాడు ఈ మాట అన్నాడు. చంపేయాలన్నంత కోపం వచ్చింది. అందులో గుళ్ళు లేకపోవడం ఆయన అదృష్టం.

"ఇంకొంచెం దగ్గరగా పెట్టు తల్లీ, కనపడట్లా" అంటున్నాడు నాన్న.

"పేరు లేదు నాన్నా. అరగదీసేశారు."

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ చూశాడు. "తెలియక చేసుంటాడులేమ్మా. ఆయన్నేమీ అనబాకు" అన్నాడు.

స్పీకర్‌లో ఆ మాట విని పెద్దమనిషి హాయిగా తల ఊపాడు. ఆ మన్నింపు కూడా తనకు దక్కాల్సిందేనన్నట్టు.

"తెలిసే చేశాడు నాన్నా" అన్నాను.

నాన్న కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.