మాలర్ పాటా, యర్రయ్య కల్లు కొట్టూ

హరిదాస్ వాయించే డబుల్ బేస్ అతనికంటే ఎత్తుగా ఉంటుంది. వయొలిన్ల కుటుంబంలో అన్నిటికంటే పెద్దది అదే, అన్నిటికంటే తక్కువగా వినబడేదీ అదే. కుర్రతనంలో మలయాలోని పెరాక్ రబ్బరు తోటల నుంచి సింగపూర్ వచ్చి, వయొలిన్ నేర్చుకుందామని ఓ చైనా మాస్టారి దగ్గరికి వెళితే, "దీనికి మనిషి లేడు, నువ్వు పట్టుకో" అని ఆయన ఈ వాద్యాన్ని అంటగట్టాడు. అప్పట్నుంచీ అతని జీవితం అదే తీరు. పగలు తువాస్ షిప్‌యార్డులో డ్రాయింగులు గీసేవాడు, శనివారాలు ఔత్సాహికుల ఆర్కెస్ట్రాలో చివరి వరసలో నిలబడేవాడు.

రెండువేల సంవత్సరం వచ్చేసరికి షిప్‌యార్డులో గీతలన్నీ కంప్యూటర్ల మీదే గీస్తున్నారు. హరిదాస్‌ని స్టోర్సుకి మార్చారు. కూతురు అక్షర మాత్రం ఓ ఇంటర్నెట్ కంపెనీలో చేరి, తండ్రి ఊహకందనంత వేగంగా పైకి పోతోంది. భార్య పోయి చాలాకాలమైంది. పాసిర్ రిస్ ఫ్లాట్‌లో వాళ్ళిద్దరితో పాటు హరిదాస్ తల్లి రత్నమ్మ ఉండేది. ఆమెకు చూపు మందగించింది గానీ చెవులు మాత్రం చురుకు.

ఆ ఏడు ఆర్కెస్ట్రా ఆస్ట్రియా స్వరకర్త గుస్టావ్ మాలర్ తొలి సింఫనీ ఎత్తుకుంది. అందులో ఒకచోట శవయాత్ర నడకలో సాగే భాగం ఉంది. పిల్లలు పాడుకునే పాటనే దిగులు స్వరంలోకి తిప్పి, డబుల్ బేస్ ఒక్కదానితో మొదలుపెట్టాడాయన. అది వాయించే పని హరిదాస్‌కి వచ్చింది. కండక్టర్ మిస్ లిమ్ రిహార్సల్లో మాలర్ బతుకు గురించి చెప్పింది. తండ్రి సారాయి కాచి అమ్మేవాడు. ఇల్లూ కొట్టూ ఒకటే. తల్లికి పధ్నాలుగు కాన్పులు, సగానికి పైగా పిల్లలు చిన్నప్పుడే పోయారు. ఎంతో ఇష్టమైన తమ్ముడు మంచం పడితే, మాలర్ పక్కనే కూర్చుని కథలు చెప్పేవాడట. కింద తాగేవాళ్ళ పాటలు, పైన ఏడుపులు.

హరిదాస్ కమానుకు పట్టు కోసం రోజనం జిగురు రాస్తూ కూర్చున్నాడు.

అతని తండ్రి యర్రయ్య ఎస్టేటు కల్లు కొట్టులో కల్లు పోసేవాడు. హరిదాస్‌కి పదేళ్ళప్పుడు తమ్ముడు కేశవులు జ్వరంతో పోయాడు. పూడ్చిపెట్టి తిరిగొస్తుంటే దారిలో కల్లు కొట్టు, లోపల కూలీలు ఏదో హుషారు పాట అందుకున్నారు. హరిదాస్ కాళ్ళు తెలియకుండానే ఆ తాళానికి అడుగులు వేశాయి. ఆ సిగ్గు ఎన్నేళ్ళకీ పోలేదు. ఆ సాయంత్రమే యర్రయ్య కొట్టుకి వెళ్ళిపోయాడు. దొర రమ్మన్నాడనీ, కూలివాడికి కొడుకు పోయినా సెలవుండదనీ ఇంట్లో చెప్పారు. హరిదాస్ జీవితమంతా ఆ మాట చెప్పుకుని తండ్రి కోసం కుమిలాడు.

రోజూ పనినుంచి వచ్చాక అతను ఆ భాగం సాధన చేసేవాడు. ఓ రోజు రత్నమ్మ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది.

"ఎవులు సచ్చిపోనారు?" అంది.

అతను తల్లికి మాలర్ కథ చెప్పాడు. ఆమె మంచం పట్టె మీద కూర్చుని విన్నది.

"ఆ తల్లి పేరేటి?"

"మేరీ."

"కొడుకు కట్టిన పాట ఇన్నాదా మరి?"

"లేదమ్మా. మొదటిసారి వాయించడానికి నెల ముందు పోయింది."

"నన్ను తీసుకెల్లు. నానింతాను" అంది రత్నమ్మ.

అక్షర లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే, "కెన్ లా మామ్మా, అలాగే, టాక్సీలో పోదాం" అంది.

కచేరీ ఓ ఆదివారం మధ్యాహ్నం. మద్దెల్లాంటి పెద్ద డ్రమ్ముల మీద మెల్లటి దెబ్బలు పడుతుండగా హరిదాస్ కమాను ఎత్తాడు. ఆ పాట ఒంటరిగా, కాస్త బొంగురుగా బయటికొచ్చింది. తర్వాత మిగతా వాద్యాలు ఒక్కొక్కటే అందుకున్నాయి. అంతవరకూ బాగానే ఉంది. ఇంట్లో రత్నమ్మ విన్నది అంతే. శవయాత్ర మధ్యలో తాగుబోతుల మేళంలాంటి చిందు పాట ఒకటి జొరబడుతుందని ఆమెకెవరూ చెప్పలేదు. అది మొదలవగానే ఆమె లేచి నిలబడింది. వెనకవాళ్ళు కసురుకుంటుంటే అక్షర ఆమెను బయటికి నడిపించడం హరిదాస్ వేదిక మీంచి చూశాడు. చేతులు వాయిస్తూనే ఉన్నాయి.

అయిపోయాక వెళితే ఆమె వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. అక్షర నీళ్ళ కోసం వెళ్ళింది.

"ఆ కల్లు కడ పాట నువ్వెట్టించినావా?"

"లేదమ్మా. ఆయనే రాశాడు, నూరేళ్ళ కిందట."

"దొర పిలిస్తే మీ అయ్య ఎల్లాడనుకుంతున్నావు. దొర పిల్లేదు. ఆడే ఎల్లిపోనాడు. ఇంట్లో కూకోలేకపోనాడు. నాను పిల్లోడి పక్క తడుముకుంతా ఒక్కద్దాన్నే ఉండిపోనాను. తాగీసి, ఇలాటి పాటే పాడుకుంతా వొచ్చినాడు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఒక కొడుకు పోనాడు. మిగిలినోడికి అయ్యన్నా ఉండాల కదేటి."

ఇంటికి వెళుతుంటే, ఆ చిందు పాట వాయించినందుకు తల్లి తనను క్షమించలేదని హరిదాస్‌కి తెలుస్తూనే ఉంది. తను తండ్రిని క్షమించలేకపోతున్నాడనీ తెలిసింది. తర్వాత నెలలో యర్రయ్య తద్దినం వచ్చింది. ఏటా ఫోటో ముందు సీసా, చుట్ట పెట్టేది హరిదాసే. ఈసారి పొద్దున్నే స్టోర్సుకి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి రత్నమ్మ తడుముకుంటూ తనే అన్నీ అమర్చి కూర్చుంది.

"ఆడు సెడ్డోడని నాను అన్లేదు" అంది. అతను చెప్పులు విప్పి లోపలికి పోయాడు.

మరుసటి ఏడు ఇంటర్నెట్ కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి కూలాయి. అక్షర ఉద్యోగమూ పోయింది. ఆమె ఇంకా ఇంటర్వ్యూలకు తిరుగుతుండగానే రత్నమ్మ ఆసుపత్రిలో పోయింది. చివరి వారం ఆమె హరిదాస్‌ని గుర్తుపట్టలేదు. కేశవులూ అని పిలిచేది. అతను మొదట కాదని చెప్పాడు, తర్వాత చెప్పడం మానేసి ఆ పేరుకే పలికేవాడు.