లాగోస్‌లో కొంచెం జ్వరం

లాగోస్ నగరాన్ని నేను ఇంతవరకు చూడలేదు. చూడాలన్న కోరికా లేదు. అయినా ఆ ఊరి గురించి ఎవరైనా పొరపాటున అడిగితే అరగంట వదలకుండా చెప్పగలను. ఆ చదువు నాకు అబ్బింది న్యూజెర్సీలోని పార్సిప్పనీలో, నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు పుణ్యమా అని. ప్రపంచంలో ఏదైనా ఒక రేవుపట్నాన్ని ఎంచుకుని, దాని చరిత్ర, అక్కడ చూడదగ్గ స్థలాలు రాసి, పెద్ద అట్ట మీద బొమ్మలతో సహా అంటించి తీసుకురమ్మని వాళ్ళ టీచర్ క్రిస్మస్ సెలవులకు ముందు చెప్పింది. తక్కిన పిల్లలు లండన్ అనీ, శాన్‌ఫ్రాన్సిస్కో అనీ సుఖమైన ఊళ్ళు పట్టుకున్నారు. మా అమ్మాయి లాగోస్ అంది. వాళ్ళ నాన్న అక్కడ ఉన్నారు మరి.

అది 1983 చివర. రేవుల్లో సరుకు దించే క్రేన్లను బాగుచేసే కంపెనీలో మా ఆయన ఇంజనీరు. లాగోస్‌లో అపాపా అనే రేవులో క్రేన్లు మొరాయిస్తున్నాయని నవంబరులో ఆయన్ను పంపారు. సంక్రాంతికో, ఆ తర్వాతో వచ్చేస్తానన్నారు. మలేరియా మాత్రలు ఆదివారం ఆదివారం మరిచిపోకుండా వేసుకోమని విమానం ఎక్కేదాకా చెబుతూనే ఉన్నాను. ఆయన తల ఊపుతూనే ఉన్నారు. మాత్ర అంటే చాలు, వేసుకునే ఉద్దేశం లేకపోయినా తల నిలువుగా ఊపే మనిషి. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడు ఎంచడంతోనే ఆగిపోయే రకం, కాబట్టి ఆయన వెళ్ళిన రోజు నుంచీ నాకు సరిగ్గా నిద్ర లేదు.

సెలవులివ్వగానే మంచులో కారు డ్రైవ్ చేసుకుంటూ లైబ్రరీకి వెళ్ళాం. అక్కడ లాగోస్ మీద పుస్తకాలు గుప్పెడే. కానీ చదువుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది. అది ఒక మడుగు ఒడ్డున దీవుల మీద పుట్టిన ఊరట. అక్కడివాళ్ళు దాన్ని ఎకో అంటారు. లాగోస్ అన్న పేరు పోర్చుగీసువాళ్ళు పెట్టింది. తర్వాత చాలాకాలం అక్కడి నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించి సముద్రం దాటించారు. పంతొమ్మిదో శతాబ్దం నడుమ ఇంగ్లీషువాళ్ళు ఆ వ్యాపారం మాన్పిస్తామంటూ ఫిరంగులతో వచ్చారు. వచ్చినవాళ్ళు వ్యాపారం మాన్పించి ఊరుకోలేదు, ఊరే తీసుకున్నారు. ఇంగ్లీషువాళ్ళ సంగతి మనకు ఒకరు చెప్పాలా! బ్రెజిల్ నుంచి విడుదలై తిరిగొచ్చిన బానిసలు, వాళ్ళ పిల్లలు అక్కడొక పేట కట్టుకున్నారు. రంగురంగుల గోడలు, కిటికీల చుట్టూ పూలతీగల సున్నపు పని, మేడ మీద వసారాలు. ఆ ఫొటోలు చూసి మా అమ్మాయి ఆ ఇల్లొకటి మనం కొందామంది.

రేవు ముఖద్వారంలో ఇసుక మేటలు వేసి పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయేవట. రాళ్ళతో సముద్రంలోకి గోడలు కట్టి దారి తీశాక గాని ఆ రేవు వృద్ధిలోకి రాలేదు. అది చదివి మా మోటుపల్లి గుర్తొచ్చింది. మాది చీరాల. పక్కనే మోటుపల్లి ఒకప్పుడు దేశదేశాల ఓడలు వచ్చిన రేవు, ఇప్పుడు అక్కడ దిబ్బలూ గుడీ తప్ప ఏమీ లేవు. ఇంకో పేజీ తిప్పితే లాగోస్ బజారులో ఆడవాళ్ళ ఫొటో ఉంది. ఒకామె నడుముకు చుట్టుకున్న గళ్ళ గుడ్డ చూసి నేను కుర్చీలోంచి లేచాను. ఎర్ర గళ్ళు, మధ్యలో సన్నటి పసుపు చార. మా మేనమామ ఇంటి మగ్గాల మీద ఆ గుడ్డే నేసేవాళ్ళు. ఆఫ్రికాకు పోయే సరుకని చెప్పేవారు, మేం చిన్నప్పుడు ఆ తానుల మీద దొర్లేవాళ్ళం. పార్సిప్పనీలో బట్టల షాపులో తానులు కొలిచి కత్తిరించడం నా ఉద్యోగం, గుడ్డ దగ్గర నా కన్ను మోసపోదు. ఆ ఊరిలో మావాళ్ళ గుడ్డ ఉందంటే ఆయనకు ఏమీ కాదని ఎందుకో అనిపించింది. ఆ ధైర్యం వారం కూడా నిలవలేదు.

కొత్త సంవత్సరం రోజు చర్చి నుంచి వచ్చి టీవీ పెడితే, నైజీరియాలో సైన్యం ప్రభుత్వాన్ని దించేసిందని వార్త. విమానాశ్రయాలు మూసేశారు, టెలిఫోన్లు పనిచేయడం లేదు, రాత్రిపూట ఎవరూ బయట తిరగకూడదు. అంతకు ముందే, లాగోస్‌లో చూడదగ్గ స్థలాల్లో మొదటిదైన బార్ బీచ్ గురించి పాత పత్రికలో ఒక సంగతి చదివి ఉన్నాను. ఆ ఇసుకలోనే సైనిక ప్రభుత్వం మనుషుల్ని స్తంభాలకు కట్టి జనం చూస్తుండగా కాల్పించిందట. మా అమ్మాయి మాత్రం అక్కడ కొబ్బరిచెట్లు ఎన్ని వేయాలని అడిగింది. ఎన్నైనా వెయ్యమన్నాను.

మర్నాటి నుంచి వాళ్ళ కంపెనీకి ఫోన్ చేయడమే పని. తెలియగానే మేమే కాల్ చేస్తామంటారు. వాళ్ళ గొంతులో మర్యాద రోజురోజుకీ పెరుగుతుంటే నా భయం కూడా అంతకంతకూ పెరిగింది.

బడులు తెరిచాక, ఒక బుధవారం మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడైంది. చూస్తే అన్నయ్య, వదిన. సొంత అన్నయ్య కాదు, ఎడిసన్‌లో ఉంటారు, మా తెలుగు ప్రార్థన కూడికకు పెద్ద. మా ఊళ్ళ వైపు మనిషి కావడంతో ఆ వరస కలిసింది. ఆఫీసు మానేసి వచ్చాడు. ఫోన్ చేయకుండా ఎవరి గడపా తొక్కని వదిన చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంది. నన్నేమీ అడగకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళి, అన్నం, పప్పుచారు తీసి నా పొయ్యి పక్కన పెట్టింది. పొయ్యి వెలిగించని ఇంటికి ఇరుగుపొరుగు అన్నం ఎప్పుడు తెస్తారో మనలో ఎవరికి తెలియదు? ఆ క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటీ విడదీస్తుంటే నా ప్రాణం ఒక్కో అంగుళం జారిపోయింది.

అన్నయ్య సోఫా అంచున కూర్చుని, షూల వైపు చూస్తూ చెప్పాడు.

"బావగారికి కొంచెం జ్వరమటమ్మా. ఆస్పత్రిలో చేర్చారంట. భయపడాల్సిందేం లేదు."

కబురు నాకు కాక అన్నయ్యకెందుకు వెళ్ళిందంటే, మా ఆవిడకు కంగారెక్కువ, ఏదున్నా ముందు అన్నయ్యకు చెప్పండని మా ఆయనే కంపెనీలో ఆ నంబరు ఇచ్చి వెళ్ళారట. అంత భయంలోనూ నాకు ఒళ్ళు మండింది.

మనవాళ్ళు చావు కబురు చావని చెప్పరు. విడతలుగా చెబుతారు. మొదట కొంచెం నలతగా ఉందంటారు. తర్వాత సీరియస్ అంటారు. మూడోది ఎవరూ చెప్పనక్కర్లేదు, వీధి మొదట్లోకి వెళ్ళేసరికి కుర్చీలు కనిపిస్తాయి. మా నాన్న పోయినప్పుడు నేను హైదరాబాద్‌లో ట్రైనింగ్ కాలేజీలో ఉన్నాను. నాన్నకు సీరియస్, వెంటనే బయలుదేరమని టెలిగ్రాం వచ్చింది. బస్సులో దారి పొడుగునా బతికించమని దేవుణ్ణి ప్రార్థిస్తూ వెళ్ళాను. అప్పటికే శవపెట్టె కూడా వచ్చేసిందని తర్వాత తెలిసింది. ఆ ప్రార్థన అంతా ఏమైందా అని ఇప్పటికీ అనుకుంటాను. కాబట్టి కొంచెం జ్వరం అన్నమాట వినగానే, ఇది మొదటి విడత అని నాకు అర్థమైపోయింది.

ఏ ఆస్పత్రి, ఏ జ్వరం, ఎవరు చెప్పారు అని మామూలు మనిషైతే అడుగుతుంది. నేను కాఫీ పెట్టనా అన్నాను. అడిగితే రెండో విడత చెబుతారు. అడగనంతసేపూ ఆయన ఆస్పత్రిలో కొంచెం జ్వరంతో ఉంటారు. అన్నయ్య ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు. వదిన మాత్రం తోడుగా ఉంటానని సంచీలోంచి చీరలు తీసింది. కొంచెం జ్వరానికి ఎవరైనా ఉద్యోగానికి సెలవు పెట్టి చీరలు తెచ్చుకుంటారా?

ఆమె స్నానానికి వెళ్ళగానే ఫోన్ రిసీవర్ తీసి పక్కన పెట్టి, అది చేసే రొద వినపడకుండా పైన తలగడ వేశాను. ఇక ఏ కబురూ ఇంట్లోకి రాదు. వదిన బయటికొచ్చి తలగడ చూసింది, నన్ను చూసింది, దాన్ని అలాగే వదిలి వంటింట్లోకి వెళ్ళింది. ఆమెకూ ఆ ఫోన్ మోగడం ఇష్టం లేదని తెలిసి నాకింకా భయమేసింది. సాయంత్రాలు అన్నయ్య ఆఫీస్ నుంచి ఇటే వచ్చేవాడు. కారు చప్పుడు వినగానే నేను బాత్రూంలోకి పోయి కొళాయి తిప్పేసేదాన్ని. గుమ్మం దగ్గర వాళ్ళిద్దరూ గుసగుసలాడుకోవడం అయ్యాక కొళాయి కట్టేసి వచ్చేదాన్ని.

ప్రాజెక్టు మాత్రం ఆపలేదు. ఆపితే అమ్మాయి ఎందుకని అడుగుతుంది. భోజనాల బల్ల మీద లాగోస్‌ను పరిచి కూర్చున్నాం. నీలం కాగితంతో మడుగు, దాని మీద దీవిని ఒడ్డుతో కలిపే వంతెన, ఒక మూల పాత కంచు విగ్రహాలున్న మ్యూజియం, ఇంకో మూల బ్రెజిల్ పేట మేడలు. అపాపా రేవు దగ్గర ఒక క్రేను గీసి, కింద హెల్మెట్ పెట్టుకున్న మనిషిని వేసింది. ఆ మనిషికి మీసం కూడా పెట్టింది. నేను కత్తెర వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగి కాసేపు అక్కడే ఉన్నాను.

ఇక మిగిలింది ఆ ఊరి పేరుమోసిన ఊరేగింపు. దాన్ని ఎయో అంటారు. తల నుంచి పాదాల దాకా తెల్లబట్టలు కప్పుకుని, వెడల్పాటి టోపీలు పెట్టుకుని, చేతికర్రలు పట్టుకుని వందలమంది వీధుల్లో నడుస్తారు. మా అమ్మాయికి అదే అన్నిటికంటే నచ్చింది. తెల్లకాగితంతో మనుషుల్ని కత్తిరించే పని నాకు అప్పగించి, పుస్తకంలో ఏముందో చదివి పెట్టమంది. చదివాను. పెద్ద మనిషి ఎవరైనా కన్నుమూస్తే ఆయన్ను సాగనంపడానికి ఈ ఊరేగింపు చేస్తారని ఉంది.

"అమ్మా, ఇది పార్టీనా, ఫ్యూనరలా?" అంది.

రెండూ అన్నాను. డాడీ ఇది చూశాడా అని అడిగింది. చూసే ఉంటారన్నాను. కత్తిరించిన తెల్లమనుషులు బల్ల మీద వరసగా నిలబడ్డారు. ఇంకా కావాలంది, ఇంకా కత్తిరించాను.

శనివారం పొద్దున అట్ట పూర్తయింది. పైన పేరు ఇంగ్లీషులో రంగులతో రాయాలా, నల్లగా రాయాలా అన్నది స్నేహితురాలిని అడగాలని అమ్మాయి ఫోన్ దగ్గరికి వెళ్ళింది. వదిన వంటింట్లో బియ్యం కడుగుతోంది. నేను జిగురు చేతులు తుడుచుకుంటున్నాను. ఇదేంటి పిల్లో కింద ఉందని అమ్మాయి గొణుగుతూ రిసీవర్ తీసి, డయల్ టోన్ కోసం ఒకసారి కిందపెట్టింది. నేను వద్దనేలోపే అది మోగింది. అమ్మాయి ఎత్తింది.

"డాడీ, నీ ఊరు ఫినిష్ చేశాను" అంది.

ఏ బెదురూ లేకుండా వంతెన గురించీ, తెల్లబట్టల మనుషుల గురించీ చెప్పుకుపోతోంది. పిల్ల ఆడుకుంటోందనుకున్నాను. దగ్గరికెళ్ళి రిసీవర్ లాక్కున్నాను. అవతల హోరు. ఆ హోరులోంచి, బావి అడుగు నుంచి వచ్చినట్టు ఆయన గొంతు.

"నిన్నటి నుంచీ ఎంగేజ్. ఎవరితో నీకు అన్ని కబుర్లు?"

కొంచెం జ్వరం వచ్చిందట, తగ్గిపోయిందట, జావ తాగుతున్నారట. ఆగి ఆగి చెప్పారు. మాటకూ మాటకూ నడుమ ఊపిరి తీసుకుంటున్నారు. వంటింటి వైపు తిరిగి, ఆయనే వదినా అని మాత్రం అన్నాను.

వదిన చేతిలో గిన్నె అలాగే ఉంది.

"బతికే ఉన్నారా?" అంది.

గిన్నె జారి బియ్యం, నీళ్ళు నేలంతా పోయాయి. ఆ తడిలోనే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మలేరియా మెదడుకెక్కిందనీ, కళ్ళు తెరవడం లేదనీ, డాక్టర్లు ఆశ వదిలేశారనీ, భార్యకు నెమ్మదిగా చెప్పమనీ కంపెనీవాళ్ళు అన్నయ్యకు చెప్పారట. నెమ్మదిగా చెబుదామనే వచ్చామమ్మా అంటూ నా కాళ్ళు పట్టుకుంది. నేను తప్పుగా చదవలేదన్నమాట. వాళ్ళు తెచ్చింది మొదటి విడతే. మిగతావి చెప్పనివ్వకుండా అడ్డుపడింది నేనే.

"ఎవరు ఏడుస్తున్నారక్కడ?" అన్నారు ఆయన అవతలి నుంచి.

చావు అంచు దాకా వెళ్ళి వచ్చిన మనిషికి ఇదంతా ఇప్పుడెందుకని మాట మార్చాను.

"ఏం లేదండీ. వదినకి కొంచెం తలనొప్పి."

హోరు తప్ప ఏమీ వినపడలేదు. లైన్ తెగిపోయిందేమోనని భయపడ్డాను. తర్వాత ఆ నీరసపు గొంతు వణికింది.

"నిజం చెప్పు. మీ అన్నయ్యకేమైంది?"

అప్పటిదాకా రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.