గుంతలో వినపడని కాల్పులు

ఆ ఎడారి దేశంలో మఫ్రఖ్ అనే ఊరు దాటి ఇసుకలోకి పోతే మా ఫైరింగ్ రేంజ్. ఎనభైల మొదట్లో, ఆగస్టు ఎండల్లో దిగాను. మన సైన్యంలో హవల్దారుగా పెన్షన్ తీసుకుని, అక్కడి సైన్యం దగ్గర ఒప్పందం మీద చేరాను. దుబాయ్‌లో తుపాకీ భుజాన వేసుకుని తిరిగానని మా ఊళ్లో అనుకుంటారు. తుపాకీ లేదు, నా మొహం లేదు. నేనున్నది తుపాకులు గురిపెట్టే వైపు.

టార్గెట్ల కింద కాంక్రీటు గుంత. అందులో నేనూ, జగిత్యాల మల్లయ్యా. కాల్చడం అయ్యాక టార్గెట్ దించాలి, చిల్లులకు కాగితం అంటించాలి, మళ్లీ ఎత్తాలి. కాల్పులు ఆగితే ఫోన్లో చెప్పేవారు. ఆ ఫోన్ రాకముందే మా చెవులకు తెలిసిపోయేది. నెత్తిమీద ‘ఫట్’, ఆ వెనకే దూరం నుంచి ‘ఢాం’. రెండూ ఆగితే ఖలాస్.

ఆ ఉదయం కొత్త సైలెన్సర్లు పరీక్షిస్తామన్నారు. తుపాకులు చూసుకునే పంజాబీ ఆర్మరర్ ఒకటి మా చేతికిచ్చి చూపించాడు. నల్లటి గొట్టం. మోటారు సైకిలుకు ఉండేలాంటిదే అనుకోండి. తూటా వెనక తన్నుకొచ్చే వేడి వాయువును లోపల ఆపి, నెమ్మదిగా బయటికి వదులుతుంది.

మీరు సినిమాలు చూసి, అది పెడితే ప్రతి తుపాకీ ‘ఫుస్’ మంటుందనుకుంటారు. శుద్ధ అబద్ధం. ముందు సెవెన్ సిక్స్ టూ అనే పెద్ద తూటా రైఫిల్ కాల్చారు. ఢాం పోయింది, ఫట్ పోలేదు. ఆ తూటా శబ్దం కంటే వేగంగా పోతుంది. గాలిని చీల్చే మోతను ఏ గొట్టమూ మింగలేదు. ఎటునుంచి కాలుస్తున్నారో తెలియక నేను గోడకు నక్కాను. మల్లయ్య మాత్రం నవ్వాడు.

“గింతేనా అన్నా? గొట్టం పెట్టినా ఇనబడ్తనే ఉన్నది.”

ఆ మాటే మా కొంప ముంచబోయింది.

ఫోన్ మోగింది. “అబ్ ఛోటా వాలా,” అన్నాడు ఆర్మరర్. చిన్నది, అంటే పాయింట్ టూ టూ రైఫిల్. దానికి చిన్న ఫట్ వినిపిస్తుందనుకున్నాం. చెవులు రిక్కించాం. ఏమీ లేదు. ఇంతలో గాలి లేచింది. పళ్లలో ఇసుక కరకరలాడింది. పైన టార్గెట్ కాగితం ఒక మూల ఊడి కొట్టుకోసాగింది.

“బందైనట్టున్నది. కాగితం చినిగిపోతది, కట్టొస్తా.” మల్లయ్య నిచ్చెన ఎక్కాడు.

“ఫోన్ రానియ్యరా!”

“ఏ, ఏం ఇనబడ్తలేదు గదా!”

ఫోన్ తిప్పాను. అవతల ఎవరూ ఎత్తలేదు. వెనక్కి తిరిగేసరికి టార్గెట్ల వెనక, తూటాలు ఆగే ఇసుకగట్టు మీద టార్గెట్ నీడ కనిపించింది. ఎండ కాల్చేవాళ్ల వెనకనుంచి పడుతోంది. పాత చిల్లులన్నీ మూసేశాం, నీడ నిండుగా ఉండాలి. మధ్యలో ఒక వెలుగు చుక్క ఉంది. నేను చూస్తుండగానే దాని పక్కన ఇంకొకటి పడింది.

ఓరి దేవుడో, కాలుస్తున్నారు!

ఆ రోజు వాడిన చిన్న తూటా శబ్దం కంటే నెమ్మదిగా పోయే రకమట. గాలిలో మోత ఉండదు. దానికుండే కాస్త మందు చప్పుడునూ గొట్టం మింగేసింది. ఇదంతా ఆర్మరర్ తర్వాత చెప్పాడు. అప్పటికి నాకు కనిపించింది మల్లయ్య తల గుంత అంచు దాటి పైకి పోవడం ఒక్కటే.

“దిగరా! కాలుస్తున్నారు!” గాలికి వాడికి వినపడలేదు. వాడి తల నీడను ఆనుకుని ఇంకో చుక్క పడింది. ఒక్క గెంతున రెండు కాళ్లూ పట్టి లాగాను. దబ్బున నా మీద పడ్డాడు.

“పాణం తీస్తవా అన్నా! నడుం ఇరిగింది.”

నీడ వైపు వేలు చూపించాను. ఇంకో చుక్క పడింది. గుంత అడుగున ఒకరినొకరు గట్టిగా పట్టుకుని కూర్చుండిపోయాం. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

చాలాసేపటికి ఫోన్ మోగింది. “ఖలాస్. టార్గెట్ దిఖావ్.” అయిపోయింది, టార్గెట్ చూపించమని.

బయటికొచ్చాక మల్లయ్య తలకు చుట్టిన తువ్వాల విప్పి ఇసుక దులిపాడు. ఎండ పడకుండా దాన్ని రెండు చేతులతో మొహం ముందు ఎత్తిపట్టుకున్నాడు.

“నీ కడుపు సల్లగుండ, అన్నా! నాకేం గాలె,” అని నవ్వాడు.

తువ్వాలకు మడతకొక చిల్లు ఉంది. వాడింకా చూసుకోలేదు.

ఒప్పందం తీరాక ఇంటికొచ్చేశాను. మా పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి ఎండ చుక్కలు మంచం మీద పడితే, ఇప్పటికీ లేచి పక్కకు జరుగుతాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ. నాకు మాత్రం తువ్వాల ఎత్తిపట్టిన మల్లయ్యే కనిపిస్తాడు. వాడు నవ్వుతుంటే చెంప మీదా, కంటి కిందా, నుదుటి మీదా ఆ వెలుగు చుక్కలు కదులుతుంటాయి.