కూర్మయ్య ఐసు ఎవరిది?

గజపతినగరం సంతలో మరిడమ్మ నోటికి భయపడని వర్తకుడు లేడు. అంతటి మనిషీ తను అమ్మే ఐసు పేరు మాత్రం ఏనాడూ పైకి అనలేదు. పాలు చిక్కగా మరిగించి, తాటిబెల్లం కలిపి, రేకు గొట్టాల్లో పోసి, ఉప్పు చల్లిన మంచుముక్కల్లో గట్టిపరిచిన ఆ పుల్లైసును ఊరంతా కూర్మయ్య ఐసు అనేది. దాన్ని మొదట చేసిన కూర్మయ్య ఆమె మొగుడే. మొగుడి పేరు పెదవి దాటితే ఆయన ఆయుష్షు తరుగుతుందని అత్త నూరిపోసింది. అందుకని మరిడమ్మ "పాలైసో!" అని మాత్రమే కేకేసేది. అంత జాగ్రత్తపడ్డా, పంతొమ్మిదివందల అరవై ఆరు ఎండల్లో వడదెబ్బ కొట్టి కూర్మయ్య పోయాడు.

ఏడాది తిరక్కుండా జగన్నాధం సంత మొగదల్లో ఐసు దుకాణం తెరిచాడు. కూర్మయ్య దగ్గర గొట్టాలు కడిగి పని నేర్చినవాడే. 'అసలైన కూర్మయ్య ఐసు' అని ఇంత పొడుగు బోర్డు కట్టాడు. ఆ పేరెక్కడిదిరా అంటే, "శ్రీకూర్మం సామిది. మొక్కుకుని ఎట్టాను" అన్నాడు, సిగ్గులేని మనిషి.

మరిడమ్మ అగ్గయిపోయి, పంచాయతీ ప్రెసిడెంటు నరసింగరావు దగ్గర తగువు పెట్టింది.

"ఆ పేరు మా ఇంటాయనది బాబూ! ఈ దొంగెదవ ఎత్తుకుపోనాడు!"

"మీ ఇంటాయన పేరేటో సెప్పు," అన్నాడు జగన్నాధం. మొగుడు పోయినా ఆమె నోట ఆ పేరు రాదని వాడికి బాగా తెలుసు.

మరిడమ్మ నోరు తెరిచింది. వెంటనే కొంగు అడ్డం పెట్టుకుంది.

"సూసారా బాబూ! ఆల్లదే అయితే, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా సంతలో ఆ పేరెట్టి అరవదా?"

జనం ఇకిలించారు. కూర్మయ్య చేతి ఐసు తిని పెరిగిన మొహాలే అన్నీ. ఒక్కడూ సాక్ష్యం పలకలేదు. సామి పేరు అందరిదీనని ప్రెసిడెంటు తేల్చేశాడు. ఆయన చేతిలో జగన్నాధం ఇచ్చిన పుల్లైసు కరిగి కారుతోంది.

మరుసటి సంతనాడు మరిడమ్మ తన ఐసుపెట్టెను తెచ్చి సరిగ్గా జగన్నాధం దుకాణం ఎదుటే దించింది.

"ఎల్లెల్లు ఇక్కడినుంచి!" అని వాడు అరిచాడు.

"పేరు సెప్పమన్నావు గదరా, ఇనుకో!" అంది. "కూర్మయ్య! కూర్మయ్య ఐసో! నా మొగుడు కూర్మయ్య సేసిన ఐసో!"

సంత సంతంతా ఆగిపోయింది. మరిడమ్మ మొగుడి పేరు అనడమా! జనం జగన్నాధాన్ని వదిలేసి ఆమె పెట్టె చుట్టూ మూగారు. వాడి మొహం మాడిపోయింది. గెలిచింది గదా అనుకున్నారందరూ. మరిడమ్మ మాత్రం పెట్టె మూత తీయకుండా వాడి వైపే చూస్తూ భోరుమంది.

"ఆయనున్నన్నాళ్ళూ ఒక్కపాలి పేరెట్టి పిలవనేదు. ఇయ్యాల నీ మీద కచ్చకి పిలిసాను. నీ సేతులిరిగిపోనూ, పలకడానికి ఆయనేడిరా?"