నాయన మజ్జిగలో ఉప్పు

మా చిన్నప్పుడు... నాయన గని నుంచి రాగానే ముందు బూట్లు విప్పి గుమ్మం బయట బోర్లించేవాడు. వాటిలోంచి నీళ్ళు కారేవి. నేను పిచ్చిదానిలా వాన పడిందేమోనని ఆకాశం చూసేదాన్ని. అది చెమట అని అర్థమయ్యేసరికి నాకు ఏడేళ్ళొచ్చాయి...

మాది కోలార్ బంగారు గనుల ఊరు. మారికుప్పం స్టేషన్‌కు దగ్గర్లో, గని పనివాళ్ళ లైను ఇళ్ళలో ఉండేవాళ్ళం. నాయన చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చినవాడు. నాకు ఊహ తెలిసేసరికే గనులు తెల్లదొరల కంపెనీ నుంచి సర్కారు చేతికి వచ్చేశాయి. బోర్డులు మారాయి గానీ లోపలి వేడి ఎక్కడికి పోతుంది?

పైన మా ఊరు చల్లన. పొద్దున్నే దుప్పటి వదలబుద్ధి కాదు. కానీ మనుషుల్ని గనిలోకి దించే ఇనప బోను, అదే కేజ్, ఎక్కి కిందికి దిగేకొద్దీ ఒళ్ళు ఉడికిపోయేదట. రాయిని తాకితే చెయ్యి చురుక్కుమనేదట. గాలి కూడా తడితడిగా ఉండి, పట్టిన చెమట ఆరేది కాదట... ఇవన్నీ నాయన చెప్పినవి కావు. ఆయన ఇంట్లో గని మాట ఎత్తేవాడే కాదు. తోటి పనివాడు మునెప్ప మామ అరుగు మీద కూర్చుని చెబుతుంటే విన్నవి.

అందుకే లైనులో ప్రతి ఇంటి నుంచీ పనికి పోయే మనిషి వెంట ఒక సత్తు క్యాన్ పోయేది. పలచటి రాగి అంబలిలో మజ్జిగ, చిదిమిన పచ్చిమిరపకాయ, ఉప్పు. మా ఇంట్లో అది కలపడం నా పని. అబ్బో, ఆ పనంటే నాకెంత గర్వమో! అమ్మ పొయ్యి దగ్గర నుంచే కేకేసేది.

"ఉప్పు దండిగా ఎయ్యి పాపా. మనం తాగే మాదిరి కాదు."

ఎందుకో అమ్మ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఒక ఆదివారం నాయన బనీను ఉతకడానికి తీశాను. వీపంతా తెల్లటి చారలు... వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు! పక్కింటి రత్నమ్మత్తకు చూపిస్తే, బట్టలు బాదుతూనే అనింది, "తిన్నెది యాడికి పోతాదే? లోపల ఎక్కువైందంతా ఇట్ల బయటికొస్తాది."

ఆమె ఏదో మాటవరసకు అనింది. నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. రోజూ అంత ఉప్పు వేస్తున్నది నేనే కదా... అంటే నాయనకు అంత చెమట పట్టిస్తున్నది నేనేనా?

మరుసటి రోజు నుంచి ఉప్పు మానేశాను. ఒక్క ఉప్పురాయి కూడా వేయలేదు. అమ్మకు చెప్పలేదు. సాయంత్రం నాయన రాగానే బనీను లాక్కుని చారలు తగ్గాయా అని చూసేదాన్ని. క్యాన్ ఖాళీగానే వచ్చేది. నాయన ఏమీ అనలేదు. దాంతో నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాలుగో రోజు... షిఫ్టు ముగిసే వేళ కాకముందే మునెప్ప మామ భుజం మీద వాలి నాయన ఇంటికొచ్చాడు. మొహం పాలిపోయింది. పిక్కలు కొంకర్లు పోయి అడుగు పడటం లేదు.

"లోపల పడిపోయినాడు అక్కా," అన్నాడు మామ. "పైకి తెచ్చి ఉప్పు నీళ్ళు తాపినాక కండ్లు తెరిచినాడు. ఒంట్లో ఉప్పంతా చెమటలో పోయిందంట. మజ్జిగలో ఎయ్యలేదా ఏంది?"

అమ్మ నా వైపు తిరిగింది. నేను తలుపు వెనక్కి పోయాను. ఏడుస్తూనే అంతా చెప్పేశాను... చారలు, రత్నమ్మత్త మాట, అన్నీ. అమ్మ చెయ్యెత్తింది. ఆ దెబ్బ పడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

చాప మీద పడుకున్న నాయన అన్నాడు, "కొట్టద్దు మే. మొదట్నాడే నోట్లో పెట్టుకుంటే తెలిసె. బిడ్డ మరిచిపోయిందేమో, చెప్తే నువ్వు తిడతావని గమ్మునుంటి."

తర్వాత నన్ను దగ్గరికి పిలిచి తల నిమిరాడు. "నా చెమట చూసి బాధపడింది నువ్వొక్కతివేనమ్మా."

ఒక చిన్నపిల్ల తిట్లు తినకూడదని ఉప్పు లేని మజ్జిగ తాగి ఆ వేడిలోకి దిగిన మనిషి మా నాయన.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు గని మూతపడింది. నాయన ఇంట్లో కూర్చున్నాడు. ఒక వేసవి మధ్యాహ్నం నేను చూడటానికి పోతే, తన ముంజేతులు తడుముకుంటూ అన్నాడు, "చూడమ్మా, చెమటే పట్టేది లేదు... ఇంగ నాతో ఏం పని ఉండాది ఎవురికైనా?" నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

ఇప్పుడు నాయన లేడు. బెంగళూరులో మా ఇంట్లో గదికో ఏసీ. కొంచెం తడిస్తే చాలు పిల్లలు చొక్కా మార్చి సెంటు కొట్టుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు, కాలం అలాంటిది...

మీ ఇంట్లో కూడా అలా తడిసి ముద్దై ఇంటికొచ్చే మనిషి ఉండే ఉంటారు. వాళ్ళ గురించి రెండు ముక్కలు రాయండి, చదువుకుంటాను. నేను మాత్రం చిన్నప్పుడు కోరుకున్నది ఒక్కటే... మా నాయనకు చెమట పట్టకూడదని. ఆ కోరిక తీరి ఇన్నేళ్ళయినా, దాన్ని వెనక్కి తీసుకోవాలనే ఉంది.